మూడు బెజ్జాలు

కారు ఒకటే మాకు. అక్కచెల్లెళ్ళం ఇద్దరం.
వారంలో ఆరు తెల్లవారుజాములు
నేను రొట్టెలు వేసుకుని కనుమ దాటుతాను.
ఆదివారం తెల్వీనా
వెనక సీటు పీకేసి, తలుపు మీద అంకె అతికించి
అదే కనుమను సెకన్లతో కొలుస్తుంది.
దాని హెల్మెట్‌లో ఎప్పుడూ కాస్త రొట్టె పొడి.
నా రొట్టెలకు కాలిన టైరు వాసన, అని
పై ఊరి ముసలమ్మ ఒకతె తిరగ్గొట్టింది కూడా.

లోపం ఇద్దరికీ తెలుసు.
చర్చి కింద మలుపులో స్టీరింగ్ తిప్పుతాం,
ముక్కు మాత్రం లోయకేసే పోతుంది
పిలిచినా తల తిప్పని ఆవులా.
ముందు టైర్ల భుజాలు అరిగి నున్నబడ్డాయి.
వెనకవి, కూర్చుని తింటున్న చుట్టాలు.

"వెనక స్వే బార్ మార్చండి" అన్నాడు సెనేన్.
గని మూతపడ్డాక గ్యారేజీ పెట్టినవాడు,
ఎత్తైన షెడ్డులోనూ తల వంచుకునే నడుస్తాడు.
పాత కడ్డీ చూపించాడు, చూపుడువేలి లావు.
"రెండు చక్రాలూ ఒక్కసారే లేస్తే ఇది నిద్రపోతుంది.
ఒకటి లేచి ఒకటి కుంగితేనే మెలకువ.
అప్పుడు ఒళ్ళు మెలిపెట్టుకుని
ఆ ఎక్కువతక్కువలు మోస్తుంది."
మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పందొమ్మిది మిల్లీమీటర్లా, ఇరవై రెండా?
తెల్వీనా ఇరవై రెండంది, అడగకముందే.
నేను పందొమ్మిదన్నాను,
అది ఇరవై రెండందనే, కొంత.
గుండీ మందం తేడాకి ఇంత రభసా అనుకోకండి.
సెనేన్ అట్టపెట్టె మీద పెన్సిలుతో లెక్క కట్టాడు:
పందొమ్మిది వందతో తోస్తే
ఇరవై రెండు నూట ఎనభైతో తోస్తుంది.

నా భయం నేను చెప్పాను.
నవంబరులో అస్తూరియాస్ వాన,
రోడ్డంతా తడితోలులా చెస్ట్‌నట్ ఆకులు,
వెనక కరుకైతే తోక జారుతుంది,
లోపలి చక్రం గాల్లో తేలుతుంది,
నా వీపు వెనక రెండువందల రొట్టెలు.
తన భయం అది చెప్పలేదు.
జూన్‌లో గోడకి ఒరుసుకున్న ఎడమవైపుకి
ఇంకా రంగు వేయించలేదు, అంతే.

చివరికి ఇరవై రెండే,
కొసల్లో మూడేసి బెజ్జాలున్నది.
చివరి బెజ్జంలో బిగిస్తే మెత్తన, లోపలి దాంట్లో కరుకు.
మధ్యదానికి ఒప్పందం. డబ్బు సగం సగం.
కారును దించి, దాని బరువు మీద దాన్ని నిలబెట్టాకే
సెనేన్ ఆఖరి బిగింపు బిగించాడు.
"గాల్లో ఉండగా ఏదీ ఖాయం చేయకూడదు."

మొదటిరోజు, చర్చి కింద,
తిప్పీ తిప్పకముందే కారు నడుంలోంచి తిరిగింది
ఎవరో వెనకనించి భుజం పట్టి మళ్ళించినట్టు.
నవ్వొచ్చింది నాకు, చీకట్లో, ఒక్కదాన్నే, గట్టిగా.
ఈ సంగతి తెల్వీనాకి చెప్పలేదు.

శనివారం రాత్రి షెడ్డులో స్పానర్ చప్పుడు.
దిండు తిరగేసుకుని పడుకుంటాను.
సోమవారం మూడింటికి, పిండి పులిసేలోపు,
టార్చి నోట కరుచుకుని నేనూ దూరతాను.
ఒప్పందం గురించి ఎవరం ఎత్తం.
బోల్టు తల మూలలు మాత్రం అరిగిపోయాయి.

మొన్న వాన పట్టుకుంది.
వెల్లకిలా జరిగి చూస్తే, రెండు వైపులా
బోల్టు అప్పటికే చివరి బెజ్జంలో ఉంది.
బుష్‌ల చుట్టూ కొత్త గ్రీజు,
తుడవడం మరిచిన వేలిముద్ర ఒకటి.

స్పానర్ గుండెల మీద పెట్టుకుని
కాసేపు అక్కడే పడుకున్నాను.
లోపల పిండి పొంగిపోతోంది.